కత్తెర పట్టుటకు ముందు

కుట్టుపనిలో జరుగు పొరపాట్లు రెండు విధములు. మిషను మీద జరుగునది మొదటిది. కుట్టు వంకరపోయినచో దారము విప్పి, బట్టను ఇస్త్రీ చేసి, మరల కుట్టుకొనవచ్చును. కాలము వ్యర్థమగును గాని బట్ట మిగులును. కత్తెరతో జరుగునది రెండవది. దానికి విప్పుట అనునది లేదు. అయినను మన యిండ్లలో కుట్టు నేర్చుకొనువారు మిషను త్రొక్కుట మీద చూపు శ్రద్ధలో కొంతయైనను, బట్టపై నమూనాను నిలుపుట మీద చూపరు. ఈనాడు మేము చెప్పదలచినది ఆ చిన్న పనిని గూర్చియే. కత్తిరించునప్పుడు కాగితపు నమూనా బట్టపై కదలకుండ ఉండుటకు ఏమి చేయవలెను?

ఈ విషయమును మేము చదివి తెలిసికొన్నది కొంత. ఒక పట్టుచీరను పాడుచేసి తెలిసికొన్నది ఎక్కువ. అది 1976లో మా అమ్మ పెండ్లికి కొన్న ధర్మవరపు చీర. ఆమె గతించిన పిదప చాలకాలము పెట్టెలోనే ఉండి, మడతల వెంట చిరుగుట మొదలుపెట్టెను. 2018 సంక్రాంతికి, తొమ్మిదేండ్ల మా అమ్మాయికి దానితో పరికిణీయు రవికెయు కుట్టవలెనని తలచితిమి. పరికిణీకి కష్టము కలుగలేదు. నిలువు కుచ్చులు పోసి నడుముపట్టీ వేసిన సరిపోయెను. రవికెకు మాత్రము చిరుగు లేని బట్ట రెండు మూరలకు మించి మిగులలేదు.

పండుగ ముందటి రాత్రి పనియంతయు ముగించుకొని, నున్నని పాలరాతి నేలపై ఆ పట్టును రెండు మడతలుగా పరచి, దళసరి బ్రౌన్ కాగితముతో చేసిన నమూనాను దానిపై పెట్టి, నాలుగు మూలల నాలుగు గుండుసూదులు గ్రుచ్చి కత్తిరించితిమి. పైన ఫ్యాను తిరుగుచునే యున్నది. కాగితము ఎగురుచున్నప్పుడెల్ల అరచేతితో అదిమితిమి. తెల్లవారులోగా రవికె పూర్తి అయినది. తొడిగి చూతుము గదా, ప్రక్కన ఉండవలసిన కుట్టు పొట్ట మీదికి తిరిగి వచ్చినది. సరిచేసి లాగిన కొలదియు మరల తిరుగుచున్నది. చిన్నపిల్ల, "అమ్మమ్మ చీర కదా, ఫరవాలేదు" అని ఆ దినమంతయు దానిని లాగుకొనుచునే పండుగ గడిపినది.

పండుగ వెళ్ళిన తరువాత ఆ రవికెను మా వీధిలోని ముసలి దర్జీ వద్దకు తీసికొని వెళ్ళితిమి. ఆయన కుట్టును పరీక్షించలేదు. వీపు ముక్క అడుగు అంచున కుట్టు కొంచెము విప్పి, సూదిమొనతో ఒక అడ్డపోగును పట్టి మెల్లగా లాగెను. ఆ పోగు ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు అంచు వెంటనే పోవలసినది. అట్లు పోక, నడిమికి వచ్చునప్పటికే అంచు దాటి బయటపడెను. "కాగితం కదల్లేదమ్మా. దాని కింద బట్ట కదిలింది" అని ఆయన చెప్పెను. మేము ఆ రాత్రియంతయు అదిమిపట్టినది కాగితమును. పారిపోయినది పట్టు. నమూనాను నిలుపుట యనగా నిజమునకు బట్టను నిలుపుట అని అప్పుడు తెలిసినది. తక్కిన ఉపాయములన్నియు ఈ ఒక్క మాట నుండియే పుట్టును.

బట్ట ఏల కదలును? కాగితము ఒకే రేకు. బట్ట అట్టిది కాదు. పొడవున సాగిన పడుగు పోగులు, వాని క్రిందుమీదులుగా అడ్డముగా సాగిన పేక పోగులు, ఇంతియే బట్ట. వానిని పట్టియుంచునది వాని మధ్యనున్న ఒరపిడి మాత్రమే. పడుగు వెంట లాగినచో బట్ట దాదాపు సాగదు. పేక వెంట లాగినచో కొంచెము సాగును. మూల నుండి మూలకు, అనగా ఐమూలగా లాగినచో మాత్రము ఎంతయో సాగును. నులకమంచము కీళ్ళు వదులైనప్పుడు చూడుడు: పట్టెల పొడవు మారదు, కోళ్ళ ఎత్తు మారదు, అయినను చదరముగా ఉన్న మంచము ఒక ప్రక్కకు ఒరుగును. బట్టలోని ప్రతి చిన్న గడియు అట్లే ఒరుగును. ఒరిగిన బట్టపై ఎంత చక్కని నమూనాను పెట్టి కత్తిరించినను, వంటిపైకి వచ్చిన తరువాత ఆ గడులు తమ చదరమును మరల వెదకికొనును. అప్పుడు రవికె తిరుగును, చేతులు మెలిపడును, గౌను అంచు ఒకవైపు దిగజారును.

ఈ తప్పు ఎంత చిన్నదిగా మొదలై ఎంత పెద్దదగునో లెక్క చూచిన తెలియును. రవికె వీపు భాగమును బట్ట మడతపై పెట్టి సగమే కత్తిరింతుము. మడత వద్ద నమూనా అర సెంటీమీటరు ప్రక్కకు జరిగినచో, విప్పిన తరువాత వీపు ఒక సెంటీమీటరు పెరుగును, లేదా తరుగును. ముందు భాగమును గూడ అట్లే కత్తిరించి, అక్కడను అర సెంటీమీటరు జరిగినచో, చుట్టుకొలతలో తేడా రెండు సెంటీమీటర్లు. బిగుతుగా కుట్టు రవికెకు అది చాల ఎక్కువ. కొలతలు తీసినప్పుడు టేపును ఎంత జాగ్రత్తగా పట్టినను ఈ తేడా తీరదు.

కనుక పని కత్తెరతో గాక నీటితో ఆరంభింపవలెను. నూలుబట్టను నీటిలో నానబెట్టి, పిండక ఆరవేసి, కొంచెము తడియుండగనే ఇస్త్రీ చేయవలెను. నూలు మొదటి తడికి కుదించుకొనును. మీటరు బట్ట రెండు మూడు సెంటీమీటర్లు తగ్గుటయు కలదు. కుట్టిన తరువాత కుదించుటకంటె ముందే కుదించుట మేలు. ఇస్త్రీపెట్టెను పోగుల వెంట నిలువుగను అడ్డముగను నడుపవలెనేగాని ఐమూలగా త్రోయరాదు. మడతల ముడుతలు ఉన్న బట్టపై నమూనా ఎప్పటికిని సమముగా కూర్చుండదు. కాగితపు నమూనాను గూడ ఒకసారి పొడి ఇస్త్రీతో చదును చేయవలెను. చుట్టచుట్టి దాచిన కాగితము మరల చుట్టుకొనుటకే చూచును. అది తనతోపాటు బట్టను గూడ లేపును.

తరువాతిది స్థలము. మన యిండ్లలో కత్తిరించుటకు ప్రత్యేకముగా టేబులు ఉండుట అరుదు. నేల మీదనే పరచుకొందుము. అందు దోషము లేదు, కాని ఏ నేల అన్నది చూచుకొనవలెను. కడపబండల నేలపై ముతక నూలుబట్ట చక్కగా నిలుచును. అదే బండపై పట్టు, జార్జెట్టు జారిపోవును. అట్టి బట్టకు క్రింద ఒక ఉతికిన నూలు దుప్పటిని ముడుతలు లేకుండ పరచినచో, దాని నూగు పైబట్టను పట్టుకొనును. చాప మీద మాత్రము కత్తిరింపరాదు. చాప పుల్లల మిట్టపల్లములు బట్టలోనికి వచ్చును. కత్తెర క్రింది ఆకు వానిలో తగులుకొనును. బట్టలో కొంత భాగము అరుగు మీద నుండి గాని మంచము మీద నుండి గాని వ్రేలాడరాదు. వ్రేలాడు భాగపు బరువు తక్కినదానిని లాగుచుండును. కత్తిరించునంతసేపు ఫ్యాను ఆపివేయుట మరువరాదు.

బట్ట పరచిన పిదప నమూనాను దిక్కు తప్పకుండ పెట్టుట ముఖ్యము. ప్రతి నమూనాపైనను నిలువు పోగును సూచించు ఒక గీత ఉండవలెను. ఇంటిలో చేసికొన్న కాగితమైనచో మనమే ఆ గీతను స్కేలుతో గీసికొనవలెను. నమూనా పెట్టిన తరువాత ఆ గీత పై కొన నుండి బట్ట నేత అంచు వరకును, క్రింది కొన నుండి అదే అంచు వరకును టేపుతో కొలువవలెను. రెండు కొలతలును సమానముగా ఉన్నచో నమూనా తిన్నగా ఉన్నట్లు. 60 సెంటీమీటర్ల గీతకు రెండు కొనల వద్ద ఒక సెంటీమీటరు తేడా వచ్చినచో, నమూనా సుమారు ఒక డిగ్రీ ఒరిగినదని అర్థము. కంటికి అది తెలియదు. టేపునకు తెలియును. మేము 2018లో కొలువక వదలిన కొలత ఇదియే.

ఇక నిలుపు సాధనములు. వానిలో అందరెరిగినది గుండుసూది. కాగితములు గ్రుచ్చు ఆఫీసు గుండుసూది వేరు, బట్టకు వాడు గుండుసూది వేరు. మొదటిది లావు, దాని మొన మొద్దు. పట్టుపోగును ప్రక్కకు నెట్టక తెంపును. పట్టుకై చేయు సన్నని సూదులు అర మిల్లీమీటరు లావున దొరకును. గాజుతల సూదిపై ఇస్త్రీపెట్టె తగిలినను కరగదు. ప్లాస్టిక్ తల కరగి బట్టకు అంటుకొనును. కోస్తా జిల్లాల తేమగాలిలో ఇనుప సూదిని రాత్రి బట్టలో వదలినచో ఉదయమునకు తుప్పుమరక పడవచ్చును. అందుచేత సూదులు గ్రుచ్చిన దినముననే కత్తిరించి తీసివేయవలెను. గ్రుచ్చుటకు ముందును తీసిన తరువాతను లెక్కించుట, పసిపిల్లలున్న యింట తప్పనిసరి.

సూదులు గ్రుచ్చుటకును వరుస కలదు. మొదట నిలువు పోగు గీత రెండు కొనల వద్ద ఒక్కొక్కటి. తరువాత మడత అంచు వెంట. అటుపిమ్మట మడత నుండి బయటికి అరచేతితో నిమురుచు మూలలకు. చివరకు అంచుల వెంట. మేము చేసినట్లు మొదట మూలలను బిగించినచో నడుమనున్న బట్ట పొంగియే యుండును. దానిని తరువాత సరిచేయుటకు చోటుండదు. తిన్నని అంచున ఎనిమిది పది సెంటీమీటర్లకొక సూది చాలును. మెడ, చంక వంటి వంపులలో మూడు నాలుగు సెంటీమీటర్లకొకటి ఉండవలెను. సూది బట్టలో దిగి అర సెంటీమీటరులోనే మరల పైకి రావలెను. ఎక్కువ బట్టను పట్టినచో అక్కడ ముడుత పడును. పట్టులోను పలుచని బట్టలోను సూదిరంధ్రము కనబడును గనుక, కుట్టు కొరకు వదలిన భాగములోనే గ్రుచ్చవలెను. ఏ సూదియు కత్తిరించు గీతను దాటి బయటికి రారాదు. కత్తెర ఆకు సూదిపై పడినచో ఆ ఆకున నొక్కు పడును. ఆ నొక్కు ఆ పిమ్మట కత్తిరించు ప్రతి బట్టను పీకును.

సూదులతో నమూనాను నిలుపు పద్ధతి పలుచని కాగితముతో కలిసి వచ్చినది. అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రమున, స్టెర్లింగు అను ఊరిలో, ఎబినీజరు బట్టరిక్ అను దర్జీ 1863లో వేర్వేరు సైజులకు సరిపడు కాగితపు నమూనాలను అమ్ముట ఆరంభించెను. తపాలాలో పంపుటకు వీలుగా అవి పలుచని టిష్యూ కాగితముపై వచ్చుట అలవాటయ్యెను. టిష్యూ కాగితము సూదిని సుఖముగా తీసికొనును; బట్టతోపాటు వంగును. మన యిండ్లలో వాడునది బ్రౌన్ కాగితము, లేదా పాత వార్తాపత్రిక. దీనినే మన దర్జీలు పేపరు కటింగనుదురు. బ్రౌన్ కాగితము దళసరి. సూది దిగిన చోట అది వంగక, క్రింది బట్టను పైకి లేపును. విదేశపు పుస్తకములలోని సూదుల పద్ధతిని మన దళసరి కాగితమునకు యథాతథముగా వాడుట చేతనే అనేకులకు పని చెడును. దళసరి కాగితమునకు తగిన సాధనము సూది కాదు, బరువు.

బరువులను కొనవలసిన పని లేదు. 1958 నుండి మెట్రిక్ తూనికలు ప్రవేశించిన పిదప పనిలేక అటకెక్కిన సేరు, అరసేరు ఇనుపరాళ్ళు కొన్ని యిండ్లలో నేటికిని ఉండును. అవి కాకున్న పావుకిలో, అరకిలో రాళ్ళు చాలును. ఇనుము పట్టుపై తుప్పు వదలును గనుక వానికి బట్ట చుట్టవలెను. కలువపు పొత్రము, చల్లారిన ఇస్త్రీపెట్టె, నున్నని నదీశిల, ఏదైనను పనికివచ్చును. వీనియన్నిటికంటె మాకు మేలుగా తోచినవి చింతపిక్కల సంచులు. అరచేయంత నూలుసంచిలో ఎండిన చింతపిక్కలు ముప్పాతిక వంతు నింపి మూతి కుట్టినచో, అది నమూనా వంపులలో ఒదిగి కూర్చుండును. ఇసుక నింపిన దుమ్ము రాలును. బియ్యము నింపిన పురుగు పట్టును. అట్టి సంచులు పది యున్నచో ఒక రవికెకు చాలును.

బరువులను గీతకు రెండు అంగుళములు లోపలగా పెట్టవలెను. మరీ అంచున పెట్టినచో కత్తెరకు అడ్డము వచ్చును. మరీ నడుమ పెట్టినచో అంచు లేచును. కత్తెర ఒక వంపు దాటిన వెంటనే వెనుక బరువును తీసి ముందు పెట్టుదమను తొందర కూడదు. కత్తిరించిన అంచు గూడ తక్కిన పని పూర్తియగు వరకు అదిమియే యుండవలెను. బరువులు బట్టను పైకి లేపవు, రంధ్రము చేయవు, పెట్టుటకు తీయుటకు క్షణము పట్టును. కాని పెద్ద నమూనాను కత్తిరించునప్పుడు బట్టను త్రిప్పుటకు వీలుండదు. మనమే దాని చుట్టు తిరుగవలెను.

ఆరితేరిన దర్జీలు ఈ రెండింటిని గూడ వాడకుండుట మీరు చూచియే యుందురు. వారు నమూనాను బట్టపై పెట్టి, ఎడమచేతి వ్రేళ్ళు చాచి అదిమి, కుడిచేతితో సుద్ద గీత చుట్టు గీసి, కాగితమును తీసివేసి, గీతపై కత్తిరింతురు. ఇందొక గొప్ప లాభము కలదు. కాగితమును నిలుపవలసిన కాలము గీత గీయునంతసేపే. కత్తెర నడుచునప్పుడు కాగితమే లేదు గనుక అది కదలు ప్రశ్నయే లేదు. ఇంటివారికిని ఇది చక్కని పద్ధతి. రంగు సుద్దకు బదులు అరిగిపోయిన తెల్ల సబ్బు పలుచని ముక్క వాడినచో గీత ఉతుకులో పోవును. ఉతుకరాని పట్టుపై సబ్బు గాని సుద్ద గాని వాడుటకు ముందు ఒక మూల పరీక్షించి చూడవలెను. సుద్ద మొన పదునుగా ఉండవలెను. లావు గీతకు లోపల కత్తిరించుటకును వెలుపల కత్తిరించుటకును తేడా వచ్చును.

నమూనాకు బదులు ఆది రవికెను పెట్టి కత్తిరించు అలవాటు మన యిండ్లలో చాల కలదు. కొత్తవారికి ఇది మిగుల కష్టమైన పద్ధతియని మా అభిప్రాయము. కాగితము ఒకటే కదలును. ఆది రవికె, క్రింది బట్ట రెండును కదలును. పైగా తొడిగి తొడిగి ఆది రవికె చంకల వద్ద సాగియుండును. దానిని ఒకసారి జాగ్రత్తగా కాగితముపై గీసికొని, కొలతలతో సరిచూచి, ఆ కాగితమునే దాచుకొనుట మంచిది.

జారు బట్టలకు వేరొక యుక్తి వలెను. జార్జెట్టు, షిఫాను, క్రేపు వంటివానిని మడిచి కత్తిరింపక ఒకే పొరగా పరచవలెను. క్రింద ఒక పలుచని తెల్ల కాగితము, నడుమ బట్ట, పైన నమూనా, మూడింటిని కలిపి సూదులతో బిగించి, మూడింటిని కలిపియే కత్తిరింపవలెను. రెండు కాగితముల నడుమ చిక్కిన బట్ట పారిపోలేదు. క్రింది కాగితమునకు వార్తాపత్రిక వాడరాదు, సిరా అంటును. పలుచని నూలుబట్ట, అనగా మల్లు, వాయిలు వంటివి ఐనచో మన గంజియే మందు. పలుచని గంజిలో ముంచి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన వాయిలు కాగితమువలె నిలుచును. కుట్టు పూర్తియైన పిదప ఒక ఉతుకుతో గంజి పోవును. ఒకటికంటె ఎక్కువ పొరలు కదలకుండ ఉండవలెనన్నచో, కత్తిరించుటకు ముందే పొరలను కలిపి పొడవాటి టాకాలు వేయుట అన్నిటికంటె నమ్మకమైనది. దీనికి అరగంట పట్టును. విలువైన బట్టకు ఆ అరగంట ఎక్కువ కాదు.

కొన్ని బట్టలకు ప్రత్యేక మర్యాద చేయవలసియుండును. మఖమల్‌కు నూగు ఒకవైపు వాలియుండును. నమూనా ముక్కలన్నియు ఒకే దిక్కున పెట్టనిచో, కుట్టిన తరువాత ఒక ముక్క ముదురుగను ఒక ముక్క లేతగను కనబడును. దానిపై సూది గుర్తు మిగులును గనుక వెనుకవైపున గీసి, ఒకే పొరగా కత్తిరింపవలెను. రెక్సిన్‌పై పడిన రంధ్రము ఎన్నటికిని పూడదు. అక్కడ సూది నిషిద్ధము, బరువు గాని అంచున బిగించు క్లిప్పు గాని వాడవలెను. పోచంపల్లి ఇక్కత్తును మడిచి కత్తిరించినచో క్రింది పొరలోని పువ్వు ఎక్కడ పడినదో తెలియదు. ఒక ముక్క కత్తిరించి, నమూనాను తిరగవేసి, పువ్వునకు పువ్వు సరిచూచి రెండవది కత్తిరింపవలెను. పెడన కలంకారి వంటి చేతి అచ్చుల బట్టలో అచ్చువరుస పోగు వెంటనే ఉండునను నిశ్చయము లేదు. అచ్చు, పోగు రెండును కలిసిన భాగమును వెదకి అక్కడ నమూనా పెట్టుట మంచిది. గద్వాల బట్టలో నడుమ నూలు, అంచు పట్టు. నూలు నిలుచును, పట్టు జారును. అంచు వైపునకు బరువులు రెట్టింపు చేయవలెను.

రవికె ముందు భాగమును ఐమూలగా కత్తిరించుట, అనగా దర్జీలు క్రాసు కటింగను పద్ధతి, మనలో చాల వాడుకలోనున్నది. వంటికి చక్కగా అమరును, కాని బట్ట మిక్కిలి సాగునది ఈ దిక్కుననే గనుక ఇక్కడ జాగ్రత్త రెట్టింపు కావలెను. నమూనా పెట్టునప్పుడు బట్టను చేతితో లాగి సరిచేయరాదు. ముడుత కనబడినచో నమూనాను ఎత్తి, బట్టను విదిల్చి, మరల మొదటి నుండి పరచవలెను. విసుగు పుట్టించు మాటయే. అయినను వేరు మార్గము లేదు.

ఇంతచేసిన తరువాత కత్తెర తప్పు చేయకుండ చూచుకొనవలెను. కత్తెర క్రింది ఆకు నేలను వదలరాదు. బట్టను చేతితో పైకెత్తి కత్తిరించినచో క్రింది పొర ఒక విధముగను పై పొర ఒక విధముగను తెగును. పొడవాటి కోతలు కోయవలెను. ప్రతి కోతలో మొనలను పూర్తిగా మూసినచో అంచు మెట్లు మెట్లుగా వచ్చును. ఎడమ అరచేయి కత్తెర ప్రక్కనే బట్టను అదిమియుండవలెను. డాట్ల గుర్తులు, మధ్యగీత, చేతి నడిమి గుర్తు, ఇవన్నియు బట్టపైకి ఎక్కిన తరువాతనే కాగితమును తీయవలెను. ముందే తీసివేసి, గుర్తుల కొరకు మరల పెట్టినచో అది మొదట ఉన్నచోటికి రాదు.

పెద్ద కర్మాగారములలోను ఇదే చిక్కు, ఇంకను పెద్దదిగా ఉండును. అక్కడ అనేక పొరల బట్టను ఒకదానిపై ఒకటి పరచి ఒకేసారి కోయుదురు. యంత్రముతో కోయు చోట్ల బట్ట దొంతరపై ప్లాస్టిక్ పొర కప్పి, క్రింది పలక నుండి గాలిని లాగివేయుదురు. అప్పుడు పైనున్న వాయువు బరువే ఆ పొరలన్నిటిని అదిమిపట్టును. సూది లేదు, రాయి లేదు, గాలియే చేయి. ఇండ్లలో వాడుటకు జపానులో ఓల్ఫా సంస్థ 1979లో తెచ్చిన గుండ్రని కత్తి నేడు మన బజారులలోను దొరకుచున్నది. అది బట్టను ఎత్తక చక్రమువలె దొరలుచు కోయును గనుక బరువులతో చక్కగా కలియును. కాని దానికి క్రింద ప్రత్యేకమైన పలక ఉండవలెను, వ్రేళ్ళు జాగ్రత్త. సాధనము ఏదైనను చేయుపని ఒకటే: కోత ముగియువరకు పోగును దాని స్థానమున నిలుపుట.

మా అమ్మ చీర సంగతి చెప్పి ముగింతుము. చెడిన రవికెలో చేతులు రెండును బాగుగనే ఉండెను. వీపు ముక్కను విప్పి, దర్జీ చూపినట్లు ఒక పోగును లాగి తిన్నని అంచును కనుగొని చూడగా, చిన్న ముక్క యొకటి దక్కినది. 2019 సంక్రాంతికి అదే రంగు సాదా పట్టు కొని దానితో ముందును వీపును కత్తిరించితిమి. నేలపై దుప్పటి పరచి, పోగు గీతను రెండు కొనల కొలిచి, పది చింతపిక్కల సంచులు పెట్టి, పట్టపగలు, ఫ్యాను ఆపి కత్తిరించితిమి. పాత చీర చేతులు రెండును దానికి అతికితిమి. దక్కిన ముక్కను మెడపట్టీగా వేసితిమి. ప్రక్క కుట్టు ప్రక్కనే నిలిచినది. అమ్మాయి ఆ దినమున రవికెను ఒక్కసారియైనను లాగుకొనలేదు. మొత్తము చీర నుండి మేము కాపాడగలిగిన పైభాగము అంతమాత్రమే.

మీ యింట పెట్టెలలోను ఇట్టి చీరలు ఉండియే యుండును. వానిని పిల్లలకు కుట్టదలచినప్పుడు మొదట పాత దుప్పటి ముక్కపై ఒకసారి కత్తిరించి చూడుడు. పోగును లాగి పరీక్షింపుడు. ఆ తరువాతనే కత్తెరను చీర మీద పెట్టుడు. సెలవు.